ఖాళీగా ఉంచే గది

మైల్స్ సిటీ, మొంటానా
మార్చి 12, 1986

థోరా అత్తకి,

కొన్నాను.

ఆ ఒక్క మాటా రాసి, తర్వాత ఏం రాయాలో తోచక లేచి వెళ్ళి కాఫీ పెట్టుకుని మళ్ళీ వచ్చి కూర్చున్నాను. నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వు. ముప్ఫై రెండేళ్ళు ఆగినదాన్ని, ఓ నవ్వుకి చిన్నబోను.

మా వీధి చివర హ్యాడ్సెల్ గారు పోయారని క్రిస్మస్‌కి రాశాను గదా. ఆయన సామానంతా ఆయన భార్య ఫెర్న్ శనివారం గరాజులో పరిచి అమ్మకానికి పెట్టింది. నేను పచ్చళ్ళ సీసాలకని వెళ్ళాను. రంపాల పక్కన, పాత తువ్వాలు మీద పడుకుని ఉంది. ఇరవై రెండు కాలిబర్ రివాల్వర్. నీ దానిలాంటిదే అత్తా! తూటాలు వేసే అదే పక్క తలుపు, అదే సన్నటి గొట్టం, పిడికి అదే నల్లటి తొడుగు, దాని మీద రెక్కలు విప్పిన గద్ద. పక్క తలుపు ఒక్కటే కాస్త రేగుపండు రంగులోకి తిరిగింది, మిగతాదంతా నీలం. వాన వెలిశాక రేకు కప్పు మెరిసే నీలం అది. చేతిలోకి తీసుకున్నాను. ఫెర్న్ ఏదో చెబుతోంది, నాకు వినిపించలేదు. బరువు చూసుకుంటున్నాను. చిన్నప్పుడు రెండు చేతులా పట్టుకున్నా ముక్కు వాలిపోయేది. ఇప్పుడు ఒక్క చేత్తో నిలబడింది.

మంద వెంట నీ గొర్రెల బండిలోనే కాపురమున్న ఆ వేసవి నాకు అన్నీ గుర్తే. గుడ్డ కప్పు, ఇనప పొయ్యి, పొయ్యి మీద ఎప్పుడూ మాడే నీ కాఫీ. నువ్వు మందని పడుకోబెట్టి వచ్చేసరికి నేను దుప్పటి ముసుగు పెట్టి నిద్ర నటించేదాన్ని. రివాల్వర్ ఒరలోంచి తీసి, దాని వెనకున్న సుత్తి లాగి, మెల్లగా దించి మేకుకి తగిలించేదానివి. సుత్తి లాగినప్పుడు నాలుగు చప్పుళ్ళు. ఎవరో నాలుగు మెట్లెక్కి ఇంట్లోకి వచ్చినట్టు. ఆ నాలుగూ విన్నాక నాకు నిజంగా నిద్ర పట్టేది. నక్కలు ఊళ వేసినా సరే.

ఆ ఏడు క్రిస్మస్‌కి నాన్నని అదే అడిగాను. ఆయన సంగతి నీకు తెలుసుగా, నీ తమ్ముడే. కాదనలేదు, అవుననలేదు, కుట్టుమిషన్ కొనిచ్చాడు. ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు, పిల్లల పళ్ళు, ఇంటి పొయ్యి మార్పించడం. ప్రతి ఏడూ దాని వంతు వచ్చేది, ప్రతి ఏడూ ఏదో ఒకటి ముందుకి దూరేది. నీ దాన్నేమో ఆ అరవై రెండు వసంతంలో ఏరు బండితో సహా పట్టుకుపోయింది.

మా ఆయన గ్లెన్ ఏమన్నాడో తెలుసా? "నీ ఇంటి ఖర్చుల లెక్కల్లో దీన్ని ఏ పద్దు కింద రాస్తావే? వంటింటి సామానా?" అన్నాడు. ఇంకా రాయలేదు. పద్దు తేలలేదు.

ఒర మాత్రం నేనే కుడుతున్నాను, నాన్న కొన్న మిషన్ మీదే. సూది రెండుసార్లు విరిగింది.

నీ మేనకోడలు
అర్డిస్


మిజ్పా ఏటి గట్టు
మార్చి 21

అర్డిస్ పిల్లా,

నవ్వాను. గట్టిగానే నవ్వాను, కుక్క లేచి చూసింది.

మంచి పని చేశావు. మీ నాన్న ఉంటే ఇంకో కుట్టుమిషన్ కొనేవాడు.

ఫోటో తీసి పంపుతానని రాయబోతావు నువ్వు. వద్దు. నీలం ఎలా ఉంటుందో నాకు చెప్పక్కర్లేదు, నేను దాన్ని ఎనిమిదేళ్ళు నడుముకి కట్టుకు తిరిగాను. నాకు చప్పుడు కావాలి. మీ ఇంట్లో టేపు రికార్డరుంది గదా. దాని ముందు కూర్చుని సుత్తి లాగి, టేపు పంపు. నా దగ్గర కూడా టేపు యంత్రం ఒకటి ఉంది. ఎలా వచ్చిందని అడగకు.

రోడ్డంతా బురద. ఓర్లన్ టపా బండి మంగళవారం కాలవలో దిగబడింది. నేనూ కుక్కా వెళ్ళి చూసొచ్చాం. సాయం చెయ్యలేదు, చూసొచ్చాం.

తుపాకీని తడి చేత్తో ముట్టుకోకు.

థోరా


మైల్స్ సిటీ
ఏప్రిల్ 6

థోరా అత్తకి,

టేపు ఇందులో పెట్టాను. ఓర్లన్‌తో చెప్పు, ఈ కవరు మీద కూర్చోకుండా తెమ్మని. మనిషి మేలుజాతి పొట్టేలంత ఉన్నాడు, సీటు మీద ఏది పెట్టినా దాని మీదే కూర్చుంటాడు.

ముందు నీ ఉత్తరం సంగతి. వరసకి మూడే మాటలా? ఒక్కో అక్షరం కోడిగుడ్డంత! రెండు ముక్కల సమాచారానికి నాలుగు కాయితాలు ఖర్చు పెట్టావు. గొర్రెలు అమ్మేశాక కలిసొచ్చిందా? కళ్ళజోడు మార్పించుకో అత్తా. నేను వచ్చినప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను.

ఇక రివాల్వర్ సంగతి. ఆదివారాలు గ్లెన్ వాళ్ళ చెల్లెలి పొలానికి వెళ్ళి డబ్బాలు కొడుతున్నాను. మొదటి ఆదివారం డబ్బాలకేమీ కాలేదు. రెండో ఆదివారం ఒకటి పడింది. "గాలికి పడిందేమో," అన్నాడు గ్లెన్. మూడో ఆదివారం వరసగా నాలుగు పడేసరికి ఆయనే వెళ్ళి మళ్ళీ నిలబెట్టి వచ్చాడు. ఎంత మర్యాదైన తుపాకీ అత్తా ఇది! ఎగరదు, తన్నదు, అరవదు. చూపిన చోటుకి చెప్పిన మాట చేరవేస్తుంది, అంతే. ఇంటికొచ్చి నూనెగుడ్డతో తుడుస్తుంటే, నా చేతుల్లోకి ఇంత చక్కగా తయారైన వస్తువు ఇంకోటి ఎప్పుడైనా వచ్చిందా అని ఆలోచించాను. రాలేదు. పిల్లల్ని లెక్కలోంచి తీసేస్తే.

ఫెర్న్ చెప్పింది, ఇందులో ఆరు తూటాలూ వేసుకోవచ్చట, వాళ్ళాయన ఎప్పుడూ ఆరు వేసేవాడట. నువ్వేమో చక్రంలో ఆరు గదులుంటే ఐదే నింపేదానివి. ఒకటి ఎందుకు ఖాళీ అని అడిగితే, "పెట్టెలో యాభై తూటాలుంటాయి. ఐదేసి అయితే సరిగ్గా చెల్లుతాయి" అన్నావు. లెక్కంటే నాకు అప్పుడే ఇష్టం, అందుకే ఆ జవాబు నాకు ఎంతో నచ్చింది. నిజమే, ఆరేసి వేస్తుంటే ప్రతి పెట్టెకీ రెండు మిగిలిపోతున్నాయి. వాటిని చూస్తే నాకు చేతులు దురద పెడుతున్నాయి.

ఒక్కటే వెలితి. టేపు వింటే నీకే తెలుస్తుంది. నేను చెప్పను.

అర్డిస్


మిజ్పా ఏటి గట్టు
ఏప్రిల్ 18

అర్డిస్,

విన్నాను. నాలుగు మెట్లు ఎక్కాల్సింది, రెండే ఎక్కింది. నీ వెలితి అదేగా?

తుపాకీ పాతదే. లోపలి భాగాలు కొత్తవి. హ్యాడ్సెల్ జాగ్రత్తపరుడు, దాన్ని కంపెనీకి పంపి ఉంటాడు. నాలుగైదేళ్ళుగా వాళ్ళు పాతవాటికి లోపల ఏదో పట్టీ బిగించి, సుత్తీ ట్రిగ్గరూ మార్చి పంపుతున్నారు. దాంతో ఆ చప్పుడు పోతుంది. మనిషికి కట్టుడు పళ్ళు పెట్టించినట్టే. నమలడం బాగానే ఉంటుంది, ఈల మాత్రం రాదు.

విచారపడకు. తీసిన పాత భాగాల్ని వాళ్ళు పారెయ్యరు, చిన్న సంచిలో పెట్టి తుపాకీతో పాటే వెనక్కి పంపుతారు. ఆ సంచి హ్యాడ్సెల్ ఇంట్లో ఎక్కడో ఉంటుంది. ఆడవాళ్ళు ఎక్కడ దాస్తారో నాకంటే నీకే బాగా తెలుసు. బొత్తాల డబ్బాల్లో చూడు.

పాతవి మళ్ళీ పెట్టించుకుంటావో లేదో నీ ఇష్టం. నేనైతే పెట్టిస్తాను. చప్పుడు లేకుండా అది నాకు పొరుగింటి తుపాకీయే.

ఓర్లన్ కవరు మీద కూర్చోలేదట. నిలబడి తోలానని చెప్పమన్నాడు.

కళ్ళజోడు బాగానే ఉంది. డాక్టరు అక్కర్లేదు.

థోరా


మైల్స్ సిటీ
జూన్ 15

థోరా అత్తకి,

బొత్తాల డబ్బాలోనే దొరికింది!

నీలం బొత్తాల కింద, చిన్న ప్లాస్టిక్ సంచిలో. ఫెర్న్ వెతికి వెతికి, "ఇవేవో కుట్టుమిషన్ ముక్కలనుకున్నానమ్మా, ఎన్నిసార్లు పారెయ్యబోయానో!" అంది. దానికి బదులు డబ్బు వద్దంది. రూబార్బ్ పై, ఆ పుల్లటి కాడలు పెట్టి కాల్చేది, ఒకటి చేసిచ్చాను.

తుపాకులు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. సంచి చూడగానే తల అడ్డంగా ఊపాడు. "భద్రంగా ఉన్నదాన్ని వెనక్కి తిప్పమంటే నా చెయ్యి ఆడదమ్మా. రేపు ఏదైనా అయితే నా పేరే చెప్తారు," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. సరేనని వచ్చేశాను.

ఆ రోజు ఇల్లు తుడిచే పని మానేసి, నేనే విప్పడానికి కూర్చున్నాను. మఫిన్లు కాల్చే పళ్ళెం తీశాను, పన్నెండు గుంటలది. విప్పిన ప్రతి మరా, ప్రతి స్ప్రింగూ విప్పిన వరసలోనే ఒక్కో గుంటలో పెట్టాను. కొత్తవి తీసి, పాతవి పెట్టి, అదే వరసలో వెనక్కి వచ్చాను. స్ప్రింగు పట్టుకోమని గ్లెన్‌ని పిలిస్తే అది ఆయన వేళ్ళలోంచి ఎగిరి పిండి డబ్బాలో పడింది. "ఇప్పుడు దీన్ని ఏ పద్దు కింద రాస్తావు, వంటింటి సామానే కదా!" అని ఆయన ఒకటే నవ్వు. జల్లెడ పట్టి తీశాను.

బిగించి, సుత్తి మీద బొటనవేలు పెట్టి లాగాను.

అత్తా, నాలుగు!

నేను మళ్ళీ లాగలేదు. బల్ల మీద పెట్టి కాసేపు దాన్ని చూస్తూ ఉండిపోయాను. గ్లెన్ నా మొహం చూసి, బయటికి వెళ్ళి గడ్డి కోసుకున్నాడు. నలభై ఐదేళ్ళ మనిషిని, వంటింట్లో కూర్చున్నాను. కానీ బయట నీ మంద పడుకుని ఉంది, పొయ్యి మీద కాఫీ మాడుతోంది, నువ్వు ఇంటికి వచ్చేశావు.

ఈ టేపులో మొదటి నుంచి చివరి దాకా పెట్టాను. ముందు ఖాళీగా నాలుగు చప్పుళ్ళూ, తర్వాత పక్క తలుపు తెరిచి, నిండుగా తూటాలు వేసుకుని తలుపు ముయ్యడం, చివర ఒరలో పెట్టడం. ఒర కొత్త తోలు గదా, కిర్రుమంటుంది. ఇప్పుడు వెనక గుమ్మం పక్కన, ఎత్తున, మేకుకి వేలాడుతోంది, నీ బండిలో వేలాడినట్టే. కోళ్ళగూటి దగ్గర నిన్న ఒక పాము కుబుసం కనబడింది, తోకతో గిలక ఆడించే విషప్పాముది. అందుకని కోళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు కట్టుకుంటున్నాను.

విని ఎలా ఉందో రాయి. ఈసారైనా చిన్న అక్షరాలతో.

అర్డిస్


మిజ్పా ఏటి గట్టు
జూన్ 20, శుక్రవారం

అర్డిస్,

ఈ ఉత్తరం ఇక్కడే బల్ల మీద పెట్టి లే. మేకు మీంచి తుపాకీ దించి, తూటాలన్నీ బయటికి తియ్యి. తీశాక వచ్చి మిగతాది చదువు.

తీశావా?

నీ టేపు రెండుసార్లు విన్నాను. నాలుగు చప్పుళ్ళూ బాగున్నాయి, అంతకంటే చెప్పలేను. తర్వాత నువ్వు తూటాలు వేశావు. తూటా జారిన చప్పుడు, చక్రం తిరిగిన చప్పుడు, తూటా, చక్రం. లెక్కపెట్టాను. ఆరు. మధ్యలో ఒక చోట తూటా పడకుండా చక్రం ఉత్తినే తిరగాలి. తిరగలేదు.

పాత భాగాలతో సుత్తి దించి ఉంటే అది నేరుగా తూటా అంచు మీదే ఆనుకుని కూర్చుంటుంది. ఈ చిన్న తూటాలకి మందు అంచులోనే ఉంటుంది. కింద పడి సుత్తి రాయికి తగిలిందా, ట్రిగ్గర్‌తో పనిలేదు, పేలుతుంది. కొత్త పట్టీ ఉన్నన్నాళ్ళూ నువ్వు ఆరు వేసినా ఏమీ కాలేదు. ఆ పట్టీని నువ్వే తీసి మఫిన్ల పళ్ళెంలో పెట్టావు. ఆరేసి వేస్తున్నానని నువ్వు రాసినప్పుడే, పాతవి పెట్టిస్తే ఐదే వెయ్యమని నేను చెప్పాల్సింది, తప్పు నాదే.

యాభై, ఐదు అని నేను చెప్పిన లెక్క ఉత్తి మాట. పేలుతుందని చెబితే పదమూడేళ్ళ పిల్లవి, భయపడి నా బండెక్కవని అలా చెప్పాను. ముప్ఫై ఏళ్ళు నువ్వు దాన్ని అలాగే నమ్ముతావని నాకేం తెలుసు?

ఇలా వెయ్యాలి. ఒకటి పెట్టు. ఒకటి వదిలెయ్యి. నాలుగు పెట్టు. సుత్తి పూర్తిగా వెనక్కి లాగి, బొటనవేలు వదలకుండా మెల్లగా దించు. ఖాళీ గది సరిగ్గా సుత్తి కిందికి వస్తుంది. పైకి చదువుకుంటూ చెయ్యి.

చేతిరాత చూసి నీకు ఈపాటికి అర్థమై ఉంటుంది, రాస్తున్నది నేను కాదు, ఓర్లన్. రెండేళ్ళుగా నాకు ఎదురుగా ఉన్నది కనబడదు. పక్కలు కనబడతాయి, మధ్యలో పొగ. టేపు యంత్రం చూపు లేనివాళ్ళకని గ్రంథాలయం వాళ్ళు ఇచ్చింది. తెలిస్తే నువ్వు నన్ను బట్టలతో సహా మడత పెట్టి ఊళ్ళోకి తీసుకుపోతావని చెప్పలేదు. ఇంకో మనిషి చేత రాయిస్తే గానీ ఇన్ని మాటలు నేను రాయలేను, ఇవి రాయకుండా ఉండలేను.

కొట్టు దగ్గరికి వెళ్ళగానే ఫోన్ చేస్తానంటున్నాడు ఓర్లన్. నువ్వు ఇంట్లో లేకపోతే? అందుకే ఇది కూడా.

థోరా

నా మాట కూడా ఒకటి, అర్డిస్ గారూ: మీ ఉత్తరాలన్నీ మీ అత్తకి చదివి వినిపించేది నేనే. పొట్టేలు సంగతి కూడా చదివాను. ఆవిడ రెండోసారి చదివించుకుంది. - ఓర్లన్


మైల్స్ సిటీ
జూలై 2

థోరా అత్తకి, ఓర్లన్ గారికి,

ఓర్లన్ గారూ, పొట్టేలు మాట వెనక్కి తీసుకుంటున్నాను. "మేలుజాతి" మాత్రం ఉంచుకోండి.

అత్తా, ఫోన్ మోగినప్పుడు మేం కూతురింట్లో ఉన్నాం. ఉత్తరం పోయిన వారం మంగళవారం వచ్చింది. నువ్వు చెప్పినట్టే బల్ల మీద పెట్టి లేచాను. ఆరు తూటాలు బయటికి తీశాను. తర్వాత కూర్చుని మిగతాది చదివాను. నువ్వు రాసిన వరసని పైకి చదువుకుంటూ ఐదు వేశాను. ఒకటి పెట్టు, ఒకటి వదిలెయ్యి. గ్లెన్ పక్కన నిలబడి విన్నాడు.

ఇక ఆదివారం సంగతి. ఎలా రాయాలో తెలియక మూడు రోజులు ఊరుకున్నాను.

పొలంలో ముళ్ళతీగ కంచె దాటుతున్నాం. గ్లెన్ తీగ ఎత్తి పట్టుకున్నాడు, నేను వంగి కింద నుంచి దూరుతున్నాను. నేను కుట్టిన ఒర పట్టీకి తీగ తగులుకుంది. కుట్టు తెగింది. రివాల్వర్ జారి, తలకిందులుగా, రాతి మీద పడింది. సుత్తే ముందు తగిలింది. గొట్టం నా వైపే ఉంది.

టక్ మంది. అంతే.

నేను వంగినదాన్ని అలాగే ఉండిపోయాను. గ్లెన్ తీగ వదిలెయ్యలేదు, అది మాత్రం గుర్తుంది. అరిచెయ్యి చీరుకుపోయినా వదల్లేదు. "ఐదేగా వేశావు?" అన్నాడు. "ఐదే," అన్నాను. "మీ అత్తకి నేనే కాఫీ తీసుకెళ్తాను, పెద్ద డబ్బా," అన్నాడు. ఆ రోజు డబ్బాలు కొట్టలేదు.

ఇంటికొచ్చి దీపం కింద చూశాను. సుత్తి దెబ్బకి లోపలి సూది ఖాళీ గది అంచుని కొట్టింది. అక్కడ ఒక నొక్కు పడింది, నువ్వుగింజంత. తూటా ఉండి ఉంటే దాని అంచు సరిగ్గా అక్కడే ఉండేది. ఇప్పుడు ఆ గదిలోకి తూటా పూర్తిగా దిగడం లేదు, నొక్కు దగ్గర ఆగిపోతోంది. మిగతా ఐదింట్లోకీ వెన్నలో వేలు దిగినట్టు దిగుతున్నాయి. బాగుచేసే ఆయనకి చూపించాను. "ఇది నిమిషంలో అరగదీసి సరిచేస్తానమ్మా, ఈ పనికి నాకు అభ్యంతరం లేదు," అన్నాడు. నేను వద్దని తెచ్చేసుకున్నాను. ఏ గది ఖాళీగా ఉంచాలో ఇక నేను మరిచిపోయినా అది మరిచిపోదు.

ఒర పట్టీ మళ్ళీ కుట్టాను. ఈసారి చేత్తో, మైనం పట్టించిన దారంతో, రెండు వరసలు.

గ్లెన్‌కి నీ కళ్ళ సంగతి చెప్పాను. నిన్ను ఊళ్ళోకి తెచ్చుకుందామన్నాడు, మంచి మనసుతోనే. నేనన్నాను: "ఆరు వేసినదాన్ని నేను. అరవై మైళ్ళ అవతల కూర్చుని, చూపు లేకుండా, అది విని పట్టుకున్నది ఆవిడ. ఎవరు ఎవర్ని చూసుకోవాలి?" ఆయన ఆలోచించి, "నిజమే. మనమే అక్కడికి వెళ్ళి కూర్చుంటే భద్రంగా ఉంటాం," అన్నాడు.

కాబట్టి ఎవరూ నిన్ను మడత పెట్టరు. ఆగస్టులో, చోక్‌చెర్రీ పండ్లు కోతకి వచ్చినప్పుడు మేం వస్తాం, పదిరోజులుంటాం. నీ డబ్బా పొయ్యి గొట్టం మసి తీస్తాను, ఏడాదికి సరిపడా జామ్ చేసిపెడతాను. గుమ్మం నుంచి ఏటి దాకా తాడు కట్టాలని గ్లెన్ అంటున్నాడు, చలికాలం పట్టుకుని నడవడానికి. అది నీకు ఇష్టమైతేనే.

రివాల్వర్ తెస్తాను. నీలం ఎలా ఉందో చెప్పను. నువ్వు పట్టుకుని, సుత్తి లాగి, చక్రం తిప్పి, ఆ నొక్కు ఎక్కడుందో వేలితో వెతుక్కో.

లెక్కల పుస్తకంలో దాన్ని నిన్న రాశాను. వంటింటి సామాను కింద కాదు, విలాసాల కింద కాదు. పిల్లలు పుట్టినప్పుడు తేదీలు రాసిన మొదటి పేజీ ఉంది గదా, అక్కడ.

అర్డిస్


మిజ్పా ఏటి గట్టు
జూలై 11

అర్డిస్ పిల్లా,

ఆ నొక్కుని ఎవర్నీ ముట్టుకోనివ్వకు. నాకు అది కావాలి.

తాడు కట్టమను గ్లెన్‌ని. ఏటి దాకా చాలదు, కోళ్ళ దాకా కూడా కట్టమను. అతని చేతికి కట్టు నువ్వే కట్టు, డాక్టర్లు గట్టిగా కట్టరు.

రెండు పెట్టెల తూటాలు తెండి. నువ్వు డబ్బాలు నిలబెట్టు, గ్లెన్ నా భుజం పట్టుకుని దిక్కు చెప్తాడు. తగిలినా తగలకపోయినా నాకు ఒకటే, చప్పుడు వింటాను. కానీ తూటాలు వేసేది మాత్రం నేనే. ఒకటి పెట్టి, ఒకటి వదిలి, నాలుగు. నువ్వు చేతులు కట్టుకుని చూస్తూ కూర్చో.

ఇది ఓర్లన్ రాయలేదు, నేనే రాశాను. అక్షరాలు వంకరగా కనబడితే నీ కళ్ళజోడు మార్పించుకో.

థోరా